‘బడి మానేశాడు’ – ఈ వాక్యం ఎవరిది?

ఆడపిల్ల చదువు ఆగిపోతే తెలుగులో సాధారణంగా ‘మాన్పించారు’ అంటాం. మగపిల్లవాడి చదువు ఆగిపోతే ‘మానేశాడు’ అంటాం. మొదటి వాక్యంలో ఆ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. రెండో వాక్యంలో కర్త కుర్రవాడే. ‘బడి బందు వెట్టిండు’ అని తెలంగాణ మాటలో చెప్పినా కర్త మారడు.

ఇది వ్యాకరణ విషయం మాత్రమే కాదు. ఆడపిల్ల విషయంలో కారణాలు బయట వెతుకుతాం: పెళ్లి, దూరం, మరుగుదొడ్డి లేకపోవడం, దారిలో భయం. ఈపాటి వెతుకులాటైనా స్త్రీల ఉద్యమాలు పోరాడి సంపాదించిందే గాని ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. మగపిల్లవాడి విషయంలో మాత్రం వాడి లోపలే వెతుకుతాం. చెడు సావాసం, శ్రద్ధలేమి, సెల్‌ఫోను, సిగరెట్టు. 2021-22 యుడైస్ లెక్కల్లో సెకండరీ స్థాయిలో దేశం మొత్తం మీద నూటికి 12.6 మంది బడి విడిచారు. అందులో బాలురు 13.0 శాతం, బాలికలు 12.3 శాతం. ఇన్ని లక్షలమందికి ఏకకాలంలో సావాసం చెడిపోయిందని ఎవరైనా నమ్మగలరా?

సాహిత్య విమర్శలో ఈ ప్రస్తావన ఎందుకంటే, ఈ ఒక్క వాక్యం మీద ఒక రచనా ప్రక్రియే లేచింది. హైదరాబాదులో హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల బడి మానేసే ప్రమాదమున్న పిల్లల కోసం నడిచే కార్యక్రమాల గురించి నివేదికల్లో, కరపత్రాల్లో, పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే ‘విజయగాథ’ ఆ ప్రక్రియ. దాన్ని సాహిత్యమనడానికి మన మిత్రులు కొందరికి మనసొప్పకపోవచ్చు. కాని మన పత్రికల్లో అచ్చయ్యే కథకంటే దానికి పాఠకులెక్కువ. దాన్ని చదివి డబ్బిచ్చేవాళ్లున్నారు, విధానాలు రాసేవాళ్లున్నారు. అటువంటి రచనను విమర్శకుడు పట్టించుకోకపోతే అది విమర్శకు అందని రచనగానే చెలామణీ అవుతుంది.

విజయగాథ ఇతివృత్తం అందరికీ తెలిసిందే. తండ్రి తాగుబోతు. తల్లి అపార్ట్‌మెంట్లలో పాచిపని చేస్తుంది. ఎనిమిదో తొమ్మిదో చదివే కొడుకు బడి ఎగ్గొట్టి తిరుగుతాడు. ఒక సంస్థవాళ్లు బడికి వస్తారు. జీవన నైపుణ్యాలు నేర్పుతారు, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వారానికోసారి వచ్చి అన్నలా మాట్లాడతాడు. కుర్రవాడిలో ‘మార్పు’ వస్తుంది. పది పాసవుతాడు. చివర ఫొటో.

దీనికి మన సాహిత్యంలో ఒక పూర్వీకుడున్నాడు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం. గోదావరి జిల్లాలో రైతు దగ్గర పాలేరుతనం చేసే కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. 1940ల్లో ఆ నాటకం ఊరూరా ఆడింది. దాన్ని చూసి పాలేరుతనం వదిలి బడిలో చేరినవాళ్లున్నారని కోస్తాలో పెద్దవాళ్లు చెబుతూవచ్చారు. ఒక నాటకం చూసిన మనుషులు మర్నాడు పనిలోకి పోకపోవడం తెలుగు సాహిత్యంలో ఎన్నిసార్లు జరిగింది? శిల్పం సంగతి మాట్లాడే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

‘పాలేరు’కు పరిమితి లేకపోలేదు. ఒక్కడు పైకి వెళతాడు, మిగతా పాలేర్లు చావిట్లోనే ఉంటారు. పైకి వెళ్లినవాడు చేరేది కూడా సర్కారు కుర్చీలోకే. ఈ విమర్శ చేయడం తేలిక. కాని పాలేరు కొడుకు పాలేరే కావాలన్నది ధర్మంగా చెలామణీ అయిన కాలంలో, వీడు చదవగలడు అని రంగస్థలం మీద నిలబడి చెప్పడమే యుద్ధం. పైగా ఆ నాటకంలో పాలేరు ఉన్నాడంటే పాలేరును పెట్టుకున్న ఇల్లు కూడా ఉంది. వాడి చదువుకు అడ్డం ఏమిటో ప్రేక్షకుడికి కళ్లకు కడుతుంది.

నేటి విజయగాథ ‘పాలేరు’ నుంచి ఒక్కడి ఎదుగుదలను తీసుకుంది, ఆ ఇంటిని తీసేసింది. బడి ఎగ్గొట్టిన కుర్రవాడు ‘తిరుగుతున్నాడు’ అంటుంది. ఎక్కడ తిరుగుతున్నాడు? పద్నాలుగేళ్లవాడు ఊరికే తిరిగేది నాలుగు రోజులు. అయిదో రోజుకు వాడు పంక్చర్ షాపులోనో, టీ కొట్టులోనో, ఫాల్స్ సీలింగ్ మేస్త్రీ వెనక హెల్పరుగానో తేలతాడు. మంచినీళ్ల డబ్బాలు మూడో అంతస్తుకు మోస్తాడు. ఫంక్షన్ హాల్లో రాత్రి రెండింటిదాకా ప్లేట్లెత్తి పొద్దున్న తరగతిలో నిద్రపోతాడు. దాన్ని నివేదిక ‘ఆసక్తి లోపం’ అని రాసుకుంటుంది. వాడికి కూలి ఇచ్చినవాడు ఒకడుండాలి కదా! ఆ మనిషి విజయగాథలో ఏ పేజీలోనూ కనబడడు. ప్రతినాయకుడు లేని కథలో తప్పు ఎవరో ఒకరి మీద పడాలి కాబట్టి తాగుబోతు తండ్రి మీదా, కుర్రవాడి బుద్ధి మీదా పడుతుంది.

ఇది రచయితల అమాయకత్వం కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ నియమం వల్ల బడులకు కంప్యూటర్లు, బెంచీలు, మరుగుదొడ్లు వచ్చాయి. వాటిని వద్దనడం మూర్ఖత్వం. కాని ఖర్చు పెట్టేవాడికి లెక్క చూపడానికి పుట్టిన కథ, ఖర్చు పెట్టేవాడి భవనానికి సెంట్రింగ్ కొట్టిన చేతుల వయసెంత అని అడగలేదు. ఆ ప్రక్రియ పుట్టుకలోనే ఈ మౌనం ఉంది.

ఇక్కడే మరో రకం కథ కూడా పుట్టిందని చాలామందికి గుర్తులేదు. గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా 1980ల నడుమ అక్కడి శ్రామిక విద్యాపీఠం తరఫున రంగారెడ్డి జిల్లా వెట్టి కూలీల మధ్య పనిచేశారు. ఆమె తాతగారి పేరు మీద 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల్లో ఆ పల్లెల పిల్లలను పని నుంచి బడికి తెచ్చే పని తలకెత్తుకుంది. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంటే ఈ కారిడార్‌కు అద్దాల మేడకంటే ముందే జీతగాళ్లను విడిపించిన చరిత్ర ఉంది. కోస్తా పాలేరే తెలంగాణలో జీతగాడు.

ఆ సంస్థ చేసిన పెద్ద పని, నా దృష్టిలో, వాక్యం మార్చడం. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అని సూత్రం పెట్టుకుంది. గొడ్లు కాసినా, చెల్లెల్ని ఎత్తుకున్నా, పత్తిచేలో పనిచేసినా ఒకటే. అందరికీ పగటి బడి, పూర్తికాలపు బడి కావాలి. రాత్రి బడితో సరిపెట్టే రాజీకి ఒప్పుకోలేదు. ‘మానేశాడు’ అన్న వాక్యానికి ఇక చోటు లేదు. పని చేయిస్తున్నది ఎవరు అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. అప్పు కింద పిల్లవాణ్ని పెట్టుకున్న ఆసామి ముందుకు రావాలి, ఊరు ముందు జవాబు చెప్పాలి. పెద్దపిల్లల్ని ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి వెళ్లిపోతారు కాబట్టి, శిబిరంలో ఉంచి వయసుకు తగ్గ తరగతికి తయారుచేసే బ్రిడ్జి బడి వచ్చింది. ఆ తర్వాత బడితోనే పేచీ: పుట్టిన తేదీ కాగితం లేదనీ, టి.సి. లేదనీ, విద్యాసంవత్సరం మధ్యలో చేర్చుకోమనీ గేటు దగ్గర ఆపే బడితో. కుర్రవాణ్ని మార్చడం కాదు, బడిని మార్చడం. 2003లో మెగసెసే అవార్డు వచ్చాక ఈ పద్ధతికి పేరొచ్చింది గాని, అందులోని పదును ఎంతమంది అందుకున్నారన్నది వేరే సంగతి.

మన శిబిరం నుంచి ఈ పని మీద ఒక ఆక్షేపణ ఉండేది, ఇప్పటికీ ఉంది. భూమి సమస్య తేలకుండా, కూలి పెరగకుండా, పేదరికం పోకుండా బడి ఏమిటి, అది సంస్కరణవాదం కాదా అని. ఇది విప్లవాత్మకంగా వినిపిస్తుంది. కాని ఆచరణలో దీని అర్థం ఏమిటి? పేదరికం పోయేదాకా వాడు గొడ్లు కాయాలని. గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెస్తే అది 1912లో వీగిపోయింది. అడ్డుపడినవాళ్లలో జమీందారులున్నారు. తమ పొలాల్లో పని ఎవరు చేస్తారన్నది వాళ్ల బెంగ. మన వాదన చివరికి వాళ్ల పంచన చేరితే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. పిల్లవాడి చవక కూలి ఉన్నంతకాలం పెద్దవాడి కూలి పెరగదు. కూలి పోరాటమూ బడి పోరాటమూ వేరుకావని మన రచయితలే ముందుగా చెప్పి ఉండవలసింది.

అయితే ఆ పోరాటం గెలిచింది పద్నాలుగేళ్ల దాకానే. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది 6 నుంచి 14 ఏళ్లకే. 2016 సవరణతో బాలకార్మిక చట్టం పద్నాలుగు దాటనివాళ్లకు పని నిషేధించింది, బడి అయ్యాక ఇంటి పని, కుటుంబ వ్యాపారం మాత్రం చేయవచ్చని సందు వదిలింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాణ్ని ‘కౌమారుడు’ అని కొత్తపేరు పెట్టి, ప్రమాదకరమని జాబితాలో చేర్చిన పనులు తప్ప మిగతావన్నీ చేయనిచ్చింది. 2015 బాలల న్యాయ చట్టంలో మాత్రం అదే కుర్రవాడు పద్దెనిమిది నిండేదాకా బాలుడే. జేబులో చేయి పెడితే బాలుడు, తట్ట ఎత్తితే కార్మికుడు.

విద్యాహక్కు ఎనిమిదో తరగతి దాకా అంటుంది. మన ప్రాథమికోన్నత పాఠశాల ఏడుతో ఆగిపోతుంది. కేంద్రం ఇచ్చే మధ్యాహ్న భోజనం ఎనిమిదితో ఆగితే తెలంగాణ పది దాకా నడుపుతోంది. బడి మారవలసిన ప్రతిచోటా కొందరు రాలిపోతారు. ఈ కారిడార్‌లో ఇంకొక మెలిక ఉంది. పాలమూరు నుంచీ, ఒడిశా, బీహార్ల నుంచీ వచ్చిన కూలి కుటుంబం పనితోపాటు కదులుతుంది. మేడలు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు, అక్కడి నుంచి కోకాపేటకు జరిగితే రేకుల గుడిసె కూడా జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ కొత్త బడి, కొత్త కాగితాలు. ఒడియా మాట్లాడే కుర్రవాడికి తెలుగు రాదు. పాలమూరు కుర్రవాడికి తెలుగు వచ్చు గాని, 2022-23లో సర్కారు బడులు ఇంగ్లీషు మాధ్యమానికి మళ్లాయి. 2023లో కోకాపేటలో ఎకరం 100.75 కోట్ల దాకా వేలం పలికింది. (రాయదుర్గం రెవెన్యూ రికార్డుల్లో ‘పైగా’ అన్న మాట నేటికీ ఉంది. జాగీరు పోయినా పేరు పోలేదు.) ఆ ధరలున్న చోట సర్కారు బడికి మరో రెండు గదులకు స్థలం ఎక్కడ దొరుకుతుందో విజయగాథ ఎన్నడైనా అడిగిందా? జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు వెతికి పిల్లల్ని పని నుంచి తీస్తారు. తీసిన పిల్లవాణ్ని ఏ బడిలో, ఏ భాషలో కూర్చోబెట్టాలన్నది ఆ నెల రోజుల్లో తేలే విషయం కాదు.

మరి మన కథల సంగతి ఏమిటి? హైటెక్ సిటీ మీద రాసింది తక్కువేమీ కాదు. కాని చాలావరకు అది క్యూబికల్‌లో కూర్చున్నవాడి ఒంటరితనం, విడాకులు, అమెరికా, ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులు. హెల్పర్ కుర్రవాడు ఆ కథల్లోకి టీ తెచ్చిపెట్టి వెళ్లిపోతాడు. కథకుడు జాలిగా చూస్తాడు, చూసి తన బాధలోకి తిరిగిపోతాడు. జాలి విషయంలో మన కథకు, విజయగాథకు నేను పెద్ద తేడా చూడలేను. రెంటిలోనూ కుర్రవాడు మాట్లాడడు. మాట్లాడినా శిష్ట వ్యావహారికంలో కృతజ్ఞతలు చెబుతాడు.

1967లో ఇటలీలో ఫ్లారెన్సు దగ్గరి బార్బియానా అనే కొండపల్లెలో, లొరెంజో మిలానీ అనే క్రైస్తవ ఫాదిరీ నడిపిన బడిలోని ఎనిమిదిమంది కుర్రవాళ్లు కలిసి ఒక పుస్తకం రాశారు. తమను తప్పించిన ఉపాధ్యాయురాలికి ఉత్తరం అది. అందులో కోపం ఉంది గాని దానికంటే ముఖ్యం, లెక్క ఉంది. తప్పినవాళ్లెవరు, వాళ్ల తండ్రులు ఏ పని చేస్తారు అని పట్టికలు వేసి, రైతుల పిల్లలే ఎందుకు తప్పుతున్నారని నిలదీశారు. తెలివి అన్ని ఇళ్లలో సమంగా పుట్టదా అని అడిగారు. మన దగ్గర ఇప్పుడిది పాతకాలపు ఇటలీ గొడవ కాదు. ఎనిమిది దాకా ఎవరినీ తప్పించకూడదన్న నియమాన్ని 2019 సవరణ సడలించింది. 2024 డిసెంబరులో కేంద్రం తన అధీనంలోని బడుల్లో అయిదు, ఎనిమిది తరగతుల్లో తిరిగి తప్పించడానికి నిబంధనలు తెచ్చింది. తప్పినవాణ్ని రేపు ‘మానేశాడు’ అనే అంటారు.

బార్బియానా పిల్లలకు ఉన్నది, మనవాళ్లకు లేనిది ప్రతిభ కాదు. తప్పినవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి కలిసి రాయించిన బడి అది. ఒక్కొక్కణ్ని విడదీసి ఫొటో తీసే పద్ధతి కాదు. మన సంఘంలో ఉపాధ్యాయులు తక్కువేమీ లేరు. శేరిలింగంపల్లి మండలంలో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఈ జూన్‌లో హాజరుపట్టీలో పేరుండి, సంక్రాంతి సెలవుల తర్వాత రాని కుర్రవాళ్ల దగ్గరికి వెళ్లి, నలుగురైదుగురిని కూర్చోబెట్టి, వాళ్ల పాలమూరు మాటలోనే చెప్పించి రాసుకోవచ్చు. ఎవరి దగ్గర పనిచేస్తున్నారు, రోజుకు ఎంతిస్తున్నారు, ఆ సైటు ఎవరిది, బడిలో చివరిసారి ఎవరు ఏమన్నారు. టి.సి.లో ‘బడి విడిచిన కారణం’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో రెండు మాటలకు మించి పట్టవు. ఆ రెండు మాటలూ ఇప్పటిదాకా హెడ్మాస్టరే రాస్తున్నాడు.