రొదలో మంచిచెడ్డలు

పాత ఎలక్ట్రిక్ గిటార్ చూసిపెట్టమని ఎవరైనా అడిగితే ముందు తీగ మీటి, రొద వస్తోందేమో వింటాం. ఫ్రెట్లు అరిగినా, మెడ వంగినా అందులోనే బయటపడుతుంది. రొద ఉంటే బేరం దిగుతుంది. ఈ లెక్క తలకిందులయ్యే వాద్యం ఒకటుంది: కోరల్ ఎలక్ట్రిక్ సితార్. రొద రాకపోతేనే దానికి జబ్బు చేసినట్టు.

దాని పుట్టిల్లు మా న్యూజెర్సీయే. తెలుగువాళ్ళం గుంపుగా ఉండే ఎడిసన్‌కు కారులో అట్టే దూరం కాని నెప్ట్యూన్‌లో డానెలెక్ట్రో ఫ్యాక్టరీ ఉండేది. నేథన్ డేనియల్ పెట్టిన ఆ కంపెనీని 1966లో ఎం.సి.ఎ. కొన్నది. మరుసటి ఏడాది కోరల్ పేరుతో ఈ వాద్యం వచ్చింది. బీటిల్స్ పుణ్యమా అని అమెరికాకు సితార్ మోజు పట్టిన రోజులవి. కింద కూర్చుని ఏళ్ళ తరబడి సాధన చేసే ఓపిక లేని గిటారిస్టులకు ఆ నాదం అందించాలని న్యూయార్క్ స్టూడియో వాద్యకారుడు విన్నీ బెల్ దీన్ని రూపొందించాడు. 1969లో ఫ్యాక్టరీయే మూతపడింది.

మొన్న ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కోరల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. చాలా అరుదట. అడిగినంతా ఇచ్చెయ్యనా?"

అరుదు అనగానే నాకు అనుమానం. దాన్ని కొనేవాళ్ళూ అరుదే కదా! స్ట్రాటోకాస్టర్ అయితే నలుగురు అమ్మిన ధరలు పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. దీనికి ఆ వీలు తక్కువ. విని, విప్పి తేల్చుకోవాల్సిందే.

అన్నిటికన్నా ముందు బ్రిడ్జి. మామూలు గిటార్‌లో తీగ సన్నని అంచు మీద ఆనుతుంది. ఇక్కడ ఉండేది వెడల్పాటి పలక. కంపించే తీగ దాన్ని ఒరుసుకుంటూ ఝుమ్మంటుంది. సితార్ జవారీ చేసే పని అదే. మన తంబురాలో తీగ కింద జీవ వేసి, ఆ నూలుపోగును అటూ ఇటూ జరుపుతూ వెతుక్కునేదీ దాన్నే. పోగు వెంట్రుకవాసి తప్పితే తంబురా మూగబోతుంది. కోరల్ పలక వాలు కాస్త మారినా అంతే.

అందుకని ఆరు తీగలనూ ముందు ఉత్తగా మీటి చూస్తాను. అన్నిటికీ ఒకే తీరు ఝంకారం రావాలి, సాగాలి. తర్వాత మెడ పొడవునా ఒక్కో ఫ్రెట్టూ నొక్కుకుంటూ పోతాను. బ్రిడ్జి ఝంకారం ప్రతి ఫ్రెట్‌కూ వెంట వస్తుంది. ఫ్రెట్ రొద అలా కాదు, ఏ ఒకటి రెండు చోట్లో గరగరమని చప్పున చచ్చిపోతుంది. మొదటిదానికి డబ్బులిస్తాం, రెండోదానికి కోస్తాం. ఇక తీగ ఆనే చోటు నిలకడగా ఉండదు కాబట్టి పై ఫ్రెట్లలో శ్రుతి కొంచెం జారుతుంది. దానికి ధర తగ్గించమనడం అన్యాయం.

పక్కన మరో పదమూడు తీగలుంటాయి. అసలు సితార్‌లో తరఫ్ తీగలు ఫ్రెట్ల కిందుగా సాగి, ప్రధాన తీగలు పలికితే తామూ పలుకుతాయి. కోరల్‌లో వాటిని ఎడంగా, విడిగా బిగించారు. వాటంతట అవి పలికేది అంతంతమాత్రం. వేళ్ళతో మీటుకోవాలి. నన్నడిగితే అవి సగానికి పైగా అలంకారమే. 1968లో బాక్స్ టాప్స్ పాట 'క్రై లైక్ ఎ బేబీ'లో రెజీ యంగ్ పలికించిన నాదం విన్నవాడికి ఆరు తీగలు చాలనిపిస్తుంది. అయినా ఆ పదమూడింటి మేకుల్లో ఒకటి పోతే సేకరణదారు ముఖం చిట్లిస్తాడు. వాయించేవాడికి పట్టని లోపం, వెలలో మాత్రం పెద్ద కోత.

పై రంగు పగుళ్ళు చూసి బెంబేలు పడనక్కర్లేదు, మొసలి తోలులా ఫ్యాక్టరీలోనే వేసిన రంగది. పికప్‌లకు లిప్‌స్టిక్ గొట్టాలే తొడుగులు. మీటర్ పెడితే నాలుగైదు కిలో ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే లోపలి చుట్ట తెగినట్టే. వాల్యూమ్ పాట్ వెనక 137తో మొదలయ్యే అంకెలుంటే అది సి.టి.ఎస్. కంపెనీది. తర్వాతివి ఏడాదీ, వారమూ. 1376735 అంటే 1967లో 35వ వారం. పాట్ మార్చకపోతే గిటార్ అంతకుముందు పుట్టి ఉండదు.

కుర్రాడు పంపిన ఫొటోల్లో బ్రిడ్జి కొత్తది. అమ్మేవాడు దాన్ని "అప్‌గ్రేడ్" అన్నాడట. నిజంగానే మెరుగ్గా పలకొచ్చు. నాష్‌విల్‌లో జెర్రీ జోన్స్ చేసిన నకళ్ళు వాయించడానికి అసలు కోరల్ కన్నా నాకు నచ్చుతాయి. కానీ వీడికి అసలుదే కావాలి.

"పాత బ్రిడ్జి కేసులో ఉందేమో అడుగు," అన్నాను. "ఉంటే బేరమాడు. పారేశానంటే ఆ ధరకు ముట్టుకోకు."