షానన్ నిలబడ్డ చోటు

ఐస్ హాకీలో గోల్‌కీపర్ గాల్లోకి దూకి పక్‌ని అందుకుంటే స్టేడియం ఊగిపోతుంది. నా ఓటు మాత్రం దూకాల్సిన అవసరమే రానివ్వని వాళ్లకి. ఆ లెక్కన కెనడాలోని ఎడ్మంటన్ అమ్మాయి షానన్ సబాడోస్‌ను మించినవాళ్లు నా కంటికి ఆనలేదు.

గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పక్ అంటే అంగుళం మందాన, మూడంగుళాల వెడల్పున ఉండే గట్టి రబ్బరు బిళ్ల. కీపర్ గీత మీదే ఉండిపోతే మూలలన్నీ ఖాళీ. కాస్త ముందుకొస్తే కొట్టేవాళ్లకు వల కనపడదు. మరీ ముందుకొస్తే పక్కనున్న వాళ్లకి పాస్ వెళ్లిపోతుంది, వెనక్కి చేరేలోపే గోల్.

ఎంత ముందుకు రావాలన్న ఈ కొలతలోనే షానన్ విద్యంతా ఉండేది. పక్ ఎటు మళ్లితే అటు ముందు ఆమె చూపు మళ్లేది. తర్వాత స్కేటు అంచుతో మంచును ఒక్క తోపు. వెళ్లి ఆగేది, నిలదొక్కుకునేది. మోకాళ్ల మీదకు దిగి, కాళ్లు రెండువైపులా పరుచుకునే 'బటర్‌ఫ్లై' ఆ తర్వాతే. కాళ్ల ప్యాడ్‌కు తగిలిన పక్‌ను ప్రత్యర్థి స్టిక్ ముందు పడనిచ్చేది కాదు, మూలకు తోసేసేది. అబ్బ, ఏం నేర్పు!

 

2002లో పదహారేళ్లకే వెస్ట్రన్ హాకీ లీగ్‌లో, మగపిల్లల మధ్య ఆడిన తొలి అమ్మాయి ఆమె. 2010 వాంకూవర్ ఒలింపిక్ ఫైనల్లో అమెరికా 28 షాట్లు కొడితే 28నీ ఆపింది. జట్టు ముగ్గురితోనే ఐదుగురిని ఎదుర్కోవాల్సి వచ్చినప్పుడు కూడా గోల్ ఇవ్వలేదు. 2014 సోచిలో మళ్లీ స్వర్ణం. 2015 డిసెంబరులో కొలంబస్ కాటన్‌మౌత్స్ తరఫున 33 షాట్లు ఆపి, మగవాళ్ల ప్రొఫెషనల్ హాకీలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ గెలిపించిన తొలి మహిళ అయింది. 2018 ఒలింపిక్స్‌లో స్వర్ణాన్ని, ఒక్కో ఆటగత్తె ఒంటరిగా కీపర్‌పై షాట్ కొట్టే షూటౌట్‌తో తేల్చారు, అమెరికా పట్టుకుపోయింది. జట్టు ఆటకు ఒంటరి పోటీతో తీర్పా? ఆ టోర్నీలో ఉత్తమ గోల్‌కీపర్ మాత్రం షానన్‌నే అన్నారు. నాకు ఆ మాట చాలు.

ఇంతటి ఆటకు దక్కిన మర్యాదేమిటి? అమెరికా మహిళల లీగ్ 2016లో సీజన్ మధ్యలో జీతాలు కోసేసింది. కెనడా లీగ్ 2019లో ఏకంగా మూతపడింది. 2024 జనవరిలో మహిళల ప్రొఫెషనల్ హాకీ లీగ్ (పీడబ్ల్యూహెచ్‌ఎల్) మొదలయ్యేదాకా ఎందరి మంచి ఏళ్లు కరిగిపోయాయో!

ఇంకో మంట కూడా ఉంది. షాట్ రాకముందే మోకాళ్ల మీద కూలబడి, దాన్నే బటర్‌ఫ్లై అనుకునే నకిలీ ఆటే ఇప్పుడు ఎక్కడ చూసినా. తెలివిగా కొట్టేవాళ్లు ఓ క్షణం ఆగి, ఖాళీగా ఉన్న పైమూలకు పక్‌ను లేపేస్తారు. ఇక కింద పడ్డవాళ్లు చేసేదేముంది? పొడుగ్గా ఉంటే చాలు, ప్యాడ్లే ఆపుతాయిలే అనే కోచ్‌లదే ఈ పాపం.

అయ్యా, అమ్మా, కోచ్‌లూ! పిల్లలకు ముందు స్కేట్ల మీద కదలడం, ఆగడం, చివరిదాకా నిలబడి ఓపిక పట్టడం నేర్పండి. కూలబడటం ఎవరూ నేర్పక్కర్లేదు. చూసేవాళ్లకూ ఒక మనవి: ఈసారి షాట్‌కు ముందే కీపర్ పాదాలు చూడండి. సరైన చోట ఉంటే, పక్ తగలకముందే చప్పట్లు కొట్టండి.