బాలబాలికలకు బ్లూస్ పాట నేర్పుటను గూర్చి

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బ్లూస్ అను పాటను పాఠశాలలయందు నేర్పుట మొదలై నేఁటికి దాదాపు అర్ధశతాబ్ది యగుచున్నది. చికాగో నగరమున మౌతార్గన్ వాయించుటలోఁ బేరొందిన బిల్లీ బ్రాంచ్ 1978 వ సంవత్సరమున బడిపిల్లలకు ఈ విద్య నేర్పఁ బూనుకొనెను. మిసిసిపీ రాష్ట్రమందలి క్లార్క్స్‌డేల్ పట్టణమున 1979 లో నెలకొల్పఁబడిన డెల్టా బ్లూస్ మ్యూజియము, బడి విడిచిన పిమ్మట వచ్చు బాలబాలికలకు గానమును, వాద్యములను నేర్పుచున్నది. 2003 వ సంవత్సరమును బ్లూస్ సంవత్సరముగా నెంచవలయునని అమెరికా సెనేటు తీర్మానించినప్పుడు ఉపాధ్యాయుల యుపయోగమునకై పాఠక్రమములును వెలువడినవి. ఈ కృషి యంతయు శ్లాఘ్యమే. ఐనను సాహిత్యదృష్టితోఁ బరిశీలించువారికి ఇట్టి బోధనమునందుఁ దఱచుగ నొక లోపము కానవచ్చును. చరిత్ర యొక గంటలోను, పాట కట్టుట వేఱొక గంటలోను జెప్పఁబడుచున్నవి. మొదటి గంటలో బాలుఁడు సంవత్సరములను వల్లించును. రెండవ గంటలో గళ్లు నింపినట్లు మూఁడు పంక్తులు నింపును. ఆ రెంటికిని గల సంబంధ మేమో వానికిఁ దెలియకయే పాఠము ముగియును.

ఈ పాట లక్షణము నెఱుఁగనివారి కొఱకు ముందుగా దానిని గొంత వివరింతును. ప్రసిద్ధమైన రూపమున నొక చరణమునకుఁ బండ్రెండావర్తములు. ఒక్కొక్క యావర్తమునకు నాలుగక్షరకాలములు. చరణమునకు మూఁడు పాదములు. పాదమునకు నాలుగేసి యావర్తములు. మొదటి పాదమునే రెండవ పాదముగా మఱలఁ బాడుదురు. మూఁడవది క్రొత్తది, మొదటి దానితో నంత్యప్రాస కలిగియుండును. పాదమునకుఁ గల నాలుగావర్తములలోఁ గంఠ మాక్రమించునది సగమునకుఁ గొంచెము మించి మాత్రమే. తక్కిన కాలమున వాద్యము బదులు చెప్పును. ఒకరు పలుకుట, వేఱొకరు బదులు పలుకుట యను పద్ధతి ఆఫ్రికానుండి బానిసలుగాఁ గొనిపోఁబడినవారి సంతతి యొక్క శ్రమగీతములందును, ప్రార్థనాగానమందును ముందునుండియుఁ గలదు. మన బుఱ్ఱకథలోని వంతల నెఱిఁగిన పాఠకునకు దీనిని విస్తరించి చెప్పఁ బనిలేదు. ఇచ్చట గిటారు పట్టిన యొక్కఁడే కథకుఁడును, వంతయు నగును.

ఇఁక స్వరముల సంగతి. మొదటి పాదమునకు షడ్జముపై నిలిచిన స్వరకూటమి యాధారము. అదే పాదము రెండవసారి వచ్చునప్పుడు ఆధారము మధ్యమమునకు మాఱి, పిమ్మట షడ్జమునకు మఱలును. మూఁడవ పాదము పంచమమునఁ దొడఁగి క్రిందికి దిగి షడ్జమును జేరును. కావున రెండవ పాదము మాటలలో మొదటిదే యైనను వినికిడిలో మొదటిది కాదు. క్రిందినున్న నేల జరిగినది. ఆలంకారికులు చెప్పిన పునరుక్తిదోష మిచ్చటఁ జెల్లదు. గాంధారమా, సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నెచ్చటనో వ్రేలాడును. పియానో మెట్లపై నా స్వరము దొరకదు. గిటారు తంత్రిని లాగియో, సీసామెడను తంత్రిపై జాఱవిడిచియో, మౌతార్గన్‌లో నూపిరిని మలఁచియో దానిని రాఁబట్టవలయును. గమకములను విడిచి వ్రాసిన స్వరలిపిని జూచి రాగము నేర్చితి ననువాఁ డెట్టివాఁడో, అచ్చుకాగితమును జూచి బ్లూస్ నేర్చితి ననువాఁడు నట్టివాఁడే.

పాట కట్టించు ఉపాధ్యాయులలో ననేకులు పిల్లలతో నిట్లందురు: నీకు విచారము కలిగించిన సంగతి యొకటి వ్రాయుము, దానినే మఱల వ్రాయుము, పిదపఁ బ్రాస కుదుర్పుము. పిల్లలు ఇంటిపాఠమును గూర్చియు, రుచిలేని మధ్యాహ్న భోజనమును గూర్చియు వ్రాయుదురు. దానిం జూచి కొందఱు, దాస్యదుఃఖమునుండి పుట్టిన గీతము బాలుర యాటవస్తువైనదని నొచ్చుకొందురు. ఆ నొప్పి నాకు నర్థమగును గాని, యాక్షేపణ గుఱిని దాఁకలేదని నా తలంపు. బ్లూస్ పాట యెన్నఁడును జిన్న విషయములను ద్రోసిపుచ్చలేదు. చినిగిన చెప్పులు, ఇంటియద్దె, తప్పిన రైలు, పత్తికాయను దొలుచు పురుగు, ఇవన్నియు దాని వస్తువులే. నవ్వును దానికిఁ గొత్త గాదు. ఏడ్వలేనిచోట నవ్వుట దాని ముఖ్యగుణములలో నొకటి. పదేండ్ల బాలికకు స్నేహితురాలు ఊరు విడిచిపోవుట పెద్ద దుఃఖమే.

దోష మున్నది మూఁడవ పాదమున. పిల్లలు వ్రాసినవానిలోఁ బెక్కింట నది ప్రాసకొఱకు మాత్రమే వచ్చి, మొదటి పాదముతో నెట్టి సంబంధమును లేక నిలుచును. నిజమునకు మూఁడవ పాదము బదులు కావలయును: కారణమో, నిశ్చయమో, యెత్తిపొడుపో, తనపై తాను నవ్వుకొనుటయో. మన సమస్యాపూరణమునఁ గడపటి పాద మీయఁబడును. పూరకుఁడు తక్కిన మూఁడింటిని గట్టి దానికి దారి చేయును. ఇచ్చట మొదటిది దొరకినది, కడపటిదానిని వెదకవలయును. మధ్యనున్న పునరుక్తియు, వాద్యమునకు విడిచిన యావర్తములును వెదకుటకుఁ జిక్కిన కాలము. అప్పటికప్పుడు కట్టి పాడినవారికి ఈ యవకాశ మెంత విలువగలదో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. కాగితముపై మూఁడు గీఁతలు గీచి యిచ్చిన యుపాధ్యాయుఁడు ఆ కాలమును బిల్లవానినుండి లాగుకొన్నవాఁడగును. తాళము వేయుచుఁ దరగతి యంతయు మొదటి పాదమును రెండుమాఱులు పాడి, మూఁడవ పాదమునకై యొక్కొక్క పిల్లవానివంకఁ దిరుగుట మేలు. పది ప్రయత్నములలో నెనిమిది చెడును. కాని చెడిన దెందుకు చెడినదో తరగతిలోని వారందఱకును వినఁబడును.

చరిత్ర ఈ పాఠములోనికి రావలసిన ద్వార మిదియే. బదులు చెప్పవలసిన యక్కఱ యెవరి కేల కలిగినది? 1865 లో రాజ్యాంగసవరణముచే బానిసత్వము తొలఁగింపఁబడినను, మిసిసిపీ డెల్టాలోఁ బత్తి పండించు నల్లజాతి కుటుంబములు భూస్వామి పొలమునఁ బాలికాపులుగనే బ్రదికినవి. విత్తనము, తిండిగింజలు దొరగారి దుకాణమునుండి యప్పు. పంట తీసిన పిమ్మట లెక్క. లెక్కపుస్తకము దొరగారి చేతిలోనిది. 1890 నాఁటి మిసిసిపీ రాష్ట్ర రాజ్యాంగము తలపన్నుచేతను, చదువు పరీక్షచేతను వారి వోటుహక్కును హరించినది. లెక్క తప్పని నోట ననుటకు వీలులేని చోట పాట యెట్లు మాటాడవలసివచ్చెనో బాలుఁడు గ్రహించినప్పుడు, స్త్రీని నిందించునట్లున్న పాదము యజమానినిఁ దాఁకవచ్చుననియు గ్రహించును. ధ్వని యన నేమో పండితులకు నేను జెప్పవలసినది లేదు. రైలుకూఁతయు నట్టిదే. 1910 మొదలు 1970 వఱకు సుమారు 60 లక్షలమంది నల్లజాతివారు దక్షిణదేశమును విడిచి యుత్తరపు నగరములకును, పడమటికిని వలసపోయిరి. డెల్టావారి కనేకులకు చికాగో త్రోవ చూపినది ఇల్లినాయ్ సెంట్రల్ రైలు. మౌతార్గన్‌పై రైలును బలికించుట పిల్లలకు వేడుక. అది యెవరి నెచ్చటికిఁ గొనిపోయెనో చెప్పక విడుచుట యుపాధ్యాయుని కొఱఁత. మడ్డీ వాటర్స్ పాటను 1941 లో స్టోవాల్ పత్తితోఁటలో నలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనువారు ముద్రించిరి. 1943 లో నతఁడు చికాగో చేరెను. అచ్చటి పానశాలల రొదలో వినఁబడుటకు విద్యుద్గిటారు కావలసివచ్చెను. శైలి మాఱుటకుఁ గారణ మింత స్థూలముగఁ గానవచ్చు నుదాహరణము పాఠమున కంతకంటె మంచిది దొరకదు.

పాటనుండి చరిత్రను దీయుటలో నొక ప్రమాదము గలదు. బెస్సీ స్మిత్ పాడిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ 1927 నాఁటి మిసిసిపీ మహాప్రవాహమును గూర్చినదని చిరకాలము చెప్పుకొనిరి. ఆమె దానిని ముద్రణకుఁ బాడినది 1927 ఫిబ్రవరిలో. మౌండ్స్ లాండింగ్ వద్ద మిసిసిపీ గట్టు తెగినది ఏప్రిల్ 21 న. పాటకు మూలము 1926 వ సంవత్సరపు క్రిస్మసు దినములలో నాష్‌విల్ నగరమును ముంచిన కంబర్లాండు నది వఱద యని పిమ్మటి పరిశోధకులు నిరూపించిరి. మన చాటుపద్యములకుఁ గథలు తగిలించినట్లే అచ్చటను జరిగినది. అయితే ఇంతటితోఁ బాఠము ముగింపరాదు. ఏప్రిల్ తరువాత నిల్లు కోలుపోయిన వేలమంది ఆ పాటను దమ పాటగా వినిరనుటయుఁ జరిత్రయే. చార్లీ పాటన్ 1929 లో నదే ప్రవాహమునుగూర్చి పాడిన ‘హై వాటర్ ఎవ్రీవేర్’ లో డెల్టా యూళ్ల పేళ్లు వరుసగ వచ్చును. ఆ రెంటిని బక్కపక్కన నుంచి, తేదీలను బల్లపై వ్రాసి, ఏది దేనికి సాక్ష్యమో నిర్ణయింపుఁడని పిల్లలనే యడిగినచో నది నిజమైన పరిశోధన మగును.

రాబర్ట్ జాన్సన్ కథయు నిట్లే తిరగవేయఁదగినది. నాలుగు త్రోవలు కలిసినచోట సైతానునకుఁ బ్రాణము నమ్మి గిటారు నేర్చెనను గాథ పిల్లలకుఁ బ్రియము. ఉపాధ్యాయులు దానితోనే మొదలిడుదురు. ఈ గాథ టామీ జాన్సన్ అను వేఱొక గాయకుని విషయమునను జెప్పఁబడినది. రాబర్టు ఐక్ జిమర్మన్ అను గురువు వద్ద శ్రమపడి యభ్యసించినట్లు తెలియవచ్చుచున్నది. అతఁడు 1936, 1937 సంవత్సరములలో 29 పాటలు ముద్రణకుఁ బాడి, 1938 లో నిరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను. విద్యాలయమున సైతానుకంటె గురువునకుఁ బీట పెద్దదిగ వేయుట న్యాయము గదా! మఱియొక సంగతి. గిటారు పట్టిన యొంటరి పురుషులతోనే చరిత్ర మొదలైనట్లు చెప్పుట పరిపాటి. హాండీ టట్‌వైలర్ స్టేషనులోఁ గత్తితోఁ దంత్రిని మీటువానిని విన్న కథ యిందులకుఁ దోడ్పడినది. గ్రామఫోను పలకలపై నీ పాటను మొదట నమ్మించినవారు స్త్రీలు. 1920 లో మామీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విరివిగా నమ్ముడైన తరువాతనే వ్యాపారులు పల్లెల గిటారువాండ్రను వెదకుకొనుచుఁ బోయిరి. తరగతిలో సగము బాలికలే కావున నీ క్రమము నేల మఱుగుపఱుపవలయును?

త్రాగుడు, కత్తిపోటు, శృంగారము గల పాటలను బాలురకెట్లు చెప్పుట యను ప్రశ్న సహజము. ప్రబంధములను బాఠ్యభాగములుగాఁ గత్తిరించి చెప్పిన పండితులకు నీ యిక్కట్టు తెలిసినదే. నా మతమున, తగని పాటను బూర్తిగ విడుచుట మేలు. చరణములను దీసివేసి మిగిలినదానిని సంపూర్ణ గీతమని చూపుట తగదు. చెఱసాల పాటలను మాత్రము సౌమ్యతపేర విడువరాదు. మిసిసిపీలోని పార్చ్‌మన్ చెఱసాల 1901 లో నేర్పడినది. అచ్చటి ఖైదీలు గొడ్డలి దెబ్బకు దెబ్బగాఁ బాడిన పాటలు లేక బ్లూస్ తాళ మర్థముకాదు.

క్లార్క్స్‌డేల్‌లోఁ బిల్లలకు నేర్పిన జానీ బిల్లింగ్‌టన్ పద్ధతిని జూడుఁడు. అతఁడు చికాగోలో నుండి తిరిగివచ్చిన గాయకుఁడు. చెవితో విని చేతితోఁ బట్టుకొనుట, వేళకు వచ్చుట, శుభ్రమైన దుస్తులు ధరించుట అతని పాఠములోనివే. ముందు నేర్చినవాఁడు వెనుకటివానికి నేర్పవలయును. ఆ పట్టణముననే, మ్యూజియము తరగతులలో నేర్చిన క్రిస్టోన్ ఇంగ్రమ్ 1999 లోఁ బుట్టి 2022 లో గ్రామీ బహుమానమును బొందెను. ఒక్కని గెలుపుచేతఁ బద్ధతి సిద్ధింపదు. ఐనను జెవి మూలముగ వచ్చిన విద్య చచ్చిపోలేదని యది చూపును.

పాట కట్టు పిల్లలు తప్పక యడుగు ప్రశ్న యొకటి మిగిలినది: విన్న పాదమును నా పాటలో వాడుకొనవచ్చునా? ప్రాఁతపాటలలో నెందఱి నోటనో తిరిగిన పాదములు గలవు. అవి యొక్కరి సొత్తు కావు. విల్లీ డిక్సన్ వంటి కర్త తన పేర వ్రాసినది వేఱు. అతఁడు ‘యూ నీడ్ లవ్’ అను తన పాటను లెడ్ జెప్లిన్ అను నాంగ్ల బృందము వాడుకొన్నదని 1985 లో దావా వేసెను. అది 1987 లో రాజీ యయ్యెను. పిమ్మటి ముద్రణములలో నాతని పేరు కర్తలలోఁ జేరినది. తరగతిలో నొక పాట పూర్తియైన దినమున, ప్రతి పాదము నెవరినుండి వచ్చినదో పిల్లలచేత ప్రక్కన వ్రాయించుటకు నరగంట చాలును.