చక్రానికి పట్టిన బ్రేక్ రజను

బ్రేక్ తొక్కిన ప్రతిసారీ కారులో రెండు భాగాలు అరుగుతాయి. కాలిపర్‌లోని పిస్టన్ ప్యాడ్లను తిరుగుతున్న డిస్కుకు అదమగానే ప్యాడూ, డిస్కూ రెండూ సన్నని రజనుగా రాలుతాయి. డిస్కు పోత ఇనుముది. ప్యాడ్‌లో ఫినాలిక్ రెజిన్ అనే బంక ఉంటుంది. ఉక్కు పీచు, ఇనుప పొడి, గ్రాఫైట్, బేరియం సల్ఫేట్, అల్యూమినా వంటివాటిని ఆ బంకే పట్టి ఉంచుతుంది. అందువల్ల రాలిన రజనులో ఇనుము పాలు ఎక్కువ. రోడ్డు దుమ్ము నీళ్లు పోస్తే పోతుంది, ఈ రజను పోదు. ఎందుకు పోదో తెలిస్తే దాన్ని వదిలించే పద్ధతి దానంతటదే బోధపడుతుంది.

రజను డిస్కు దగ్గర నుంచి వేడిగా వచ్చి చక్రం మీద పడుతుంది. ఊరి ట్రాఫిక్‌లో డిస్కు వేడి సాధారణంగా 100–200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బరువుతో ఘాట్ దిగేటప్పుడు అది 400 కూడా దాటగలదు. దాదాపు 300 డిగ్రీల దగ్గర ప్యాడ్‌లోని రెజిన్ చెడిపోవడం మొదలవుతుంది. దాని అవశేషం రజనుతోపాటు చక్రం మీద పేరుకుని గట్టిపడుతుంది. ఆపైన వానో, మంచో, కడిగిన తడో తగలగానే ఇనుప రేణువులు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేణువు ఉన్నచోటే ఉబ్బి, పైపూతను పట్టుకుని కూర్చుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది.

వారం, రెండు వారాల నాటి రజను కారు షాంపూకే లొంగుతుంది. నెలల తరబడి వదిలేస్తే గోధుమ రంగు పొరగా మారి, కడిగాక కూడా వేలికి గరుకుగా తగులుతుంది. మరీ ఆలస్యమైతే రేణువులు పూతను తినేస్తాయి, అక్కడ మిగిలేది మురికి కాదు, గుంట. మొదటి రెండు దశలూ శుభ్రం చేస్తే పోయేవి. మూడోది మరమ్మతుకు సంబంధించింది. ఏ దశలో ఉందో చూడకుండా బ్రష్షు పట్టుకోవడం వల్లే మంచి చక్రాలు చాలా గీతలు పడి పాడవుతున్నాయి.

నాలుగు చక్రాలకూ రజను సమానంగా పట్టదు. బ్రేక్ వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకులదే. మన దేశంలో నడిచే చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ము తన రజనును చాలావరకు తనలోనే దాచుకుంటుంది. కనుక ముందు చక్రాలు నల్లబడి, వెనకవి తేటగా ఉండటం మామూలే. ముందు రెండింటిలో ఒకటే బాగా నల్లబడితే మాత్రం అనుమానించాలి. కాలిపర్ పిస్టనో, అది జారే పిన్నులో బిగుసుకుని ప్యాడ్ ఎప్పుడూ డిస్కును రాసుకుంటూ ఉండవచ్చు. చక్రం లోపలి వైపు పొడిగా కాక జిడ్డుగా ఉంటే బ్రేక్ ఆయిలో, యాక్సిల్ బూట్‌లోని గ్రీజో కారుతోందన్నమాట. అలాంటప్పుడు శుభ్రం చేయడం కంటే ముందు మెకానిక్‌కు చూపించడం అవసరం.

తరవాత చూడాల్సింది చక్రం పైపూత. స్టీల్ రిమ్ములకు పెయింటు, వాటి మీద ప్లాస్టిక్ వీల్ క్యాప్ ఉంటాయి. క్యాప్ విప్పి రెండింటినీ విడిగా కడిగితే సరి. అల్లాయ్ చక్రాల్లో ఎక్కువభాగం పెయింటు వేసి, దాని మీద పారదర్శకమైన క్లియర్ కోట్ పూసినవే. డైమండ్ కట్ చక్రాల ముఖాన్ని లేత్ మీద చెక్కి, మెరిసే లోహం మీద నేరుగా క్లియర్ కోట్ వేస్తారు. అంచు దగ్గర ఆ పూత ఎక్కడ చిట్లినా తేమ లోపలికి పాకి తెల్లటి దారాల్లాంటి మచ్చలు వస్తాయి. ఏ పూతా లేని పాలిష్ అల్యూమినియం అన్నిటికంటే సున్నితం. అల్యూమినియాన్ని కాపాడే ఆక్సైడ్ పొర పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యనే నిలుస్తుంది. ఆ హద్దు దాటిన ఆమ్లమైనా, క్షారమైనా లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. అందుకే చక్రం శుభ్రం చేసే మందు ఏది కొన్నా దాని సీసా మీద ఏ పూతకు పనికొస్తుందని రాశారో చదివి తీరాలి.

పని చల్లటి చక్రంతో, నీడలో, ఒకసారికి ఒక్క చక్రం చొప్పున మొదలవ్వాలి. వేడి చక్రం మీద మందు నిమిషంలో ఎండి మరక కడుతుంది, కాలిన డిస్కు మీద చల్లటి నీళ్లు పోయడమూ మంచిది కాదు. మన ఎండాకాలంలో పొద్దున్నే ఈ పని ముగించడం ఉత్తమం. బాడీ కంటే ముందు చక్రాలు కడగాలి. లేకపోతే నల్లనీళ్లు చిమ్మి కడిగిన బాడీ మళ్లీ పాడవుతుంది. చక్రాల బకెట్టు, గుడ్డలు, బ్రష్షులు వేరుగా ఉండాలి. వాటిలో చిక్కుకున్న ఇనుప రజను బాడీ పెయింటు మీద ఎమరీ పేపర్‌లా పనిచేస్తుంది. ముందు నీళ్లు ధారాళంగా కొట్టి, వదులుగా ఉన్న రజనును పోగొట్టాలి. తరవాత షాంపూ నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగి మళ్లీ నీళ్లు కొట్టాలి.

ఇంతవరకూ అయ్యాక మిగిలిందే మొండి రజను. దానికి వాడేది ఐరన్ రిమూవర్. ఇందులో ప్రధానంగా ఉండేది థయోగ్లైకోలేట్ లవణం. బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడే పెర్మ్ లోషన్‌లో ఉండేదీ ఈ కుటుంబపు లవణమే, అందుకే రెంటికీ ఆ గంధకపు వాసన. ఇది తుప్పుపట్టిన ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే సమ్మేళనంగా మారుతుంది. అప్పుడు చక్రం మీద ఊదా ఎరుపు ధారలు కారుతాయి. ఇలాంటి మందుల్లో చాలావాటి పీహెచ్ 7కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మంచి స్థితిలో ఉన్న క్లియర్ కోట్‌కు హాని ఉండదు. అయినా ముందు చక్రం లోపలి వైపు చిన్నచోట పరీక్షించి చూడాలి, చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, గాలి ఆడేచోట పనిచేయాలి.

ఈ మందు వాడటంలో నేర్పంతా ఆగడంలో ఉంది. మాడిన పాలగిన్నెను నానబెట్టకుండా తోమితే గిన్నె గీరుకుపోతుంది తప్ప మాడు వదలదు. చక్రమూ అంతే. చక్రమంతా తడిసేలా మందు కొట్టి, సీసా మీద చెప్పినంతసేపు, మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు, వదిలేయాలి. ఎండిపోతున్నట్టు అనిపిస్తే ఇంకాస్త కొట్టాలి. అప్పుడు మెత్తటి బ్రష్షుతో తేలిగ్గా కదిపితే చాలు. ఊచల వెనక, నట్ల గుంటల్లో సన్నని బ్రష్షు, లోపలి గోడకు పొడుగుపిడి బ్రష్షు వాడాలి. ఆపైన పుష్కలంగా నీళ్లు కొట్టాలి. ఏళ్లనాటి రజను ఒకే విడతలో పోదు. రెండోసారి, మూడోసారి వేసినప్పుడు ఊదా రంగు పలచబడుతూ వస్తే ఇనుము తగ్గుతోందని గుర్తు. రంగు కనపడకపోయినా నల్లచుక్కలు మిగిలితే అవి ఇనుము కావు. తారో, రెజిన్ అవశేషమో అయి ఉంటాయి. వాటి మీద మళ్లీ మళ్లీ ఐరన్ రిమూవర్ కొట్టడం డబ్బు దండగ.

తారుకు టార్ రిమూవర్ వాడాలి. దాన్ని గుడ్డకు అద్దుకుని మచ్చ మీద మాత్రమే ఒత్తి ఉంచి, తుడిచి, వెంటనే షాంపూతో కడగాలి. చక్రం మీద నేరుగా పిచికారీ చేయకూడదు. జిడ్డు డిస్కు మీదో, ప్యాడ్ మీదో పడితే బ్రేకు పట్టదు, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. కిరోసిన్‌కూ, టైర్ పాలిష్‌కూ ఇదే జాగ్రత్త. ఇంకా గరుకు మిగిలితే క్లే బార్‌ను షాంపూ నీళ్ల జారుడు మీద మెల్లగా తిప్పాలి, లోతుగా దిగిన రేణువులను అది పెకలిస్తుంది. చక్రానికి వాడిన క్లే ముక్కను బాడీకి మళ్లీ వాడకూడదు. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన మచ్చ పూత దెబ్బతిన్నచోటే. దానికి పూత తీసి మళ్లీ పెయింటు వేయించాలి. డైమండ్ కట్ చక్రాన్నయితే లేత్ మీద మళ్లీ చెక్కించాలి. ప్రతి చెక్కుడుకూ లోహం పలచబడుతుంది కాబట్టి దాన్ని ఎన్నోసార్లు చేయించలేరు.

త్వరగా తెల్లబరచాలని కొన్ని వాషింగ్ షెడ్లలో బాత్రూం యాసిడ్ పోస్తారు. అందులోది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది రజనుతోపాటు అల్యూమినియాన్నీ, డిస్కునూ, నట్లనూ తింటుంది. కొన్ని ఘాటైన వీల్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, అమోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటాయి. పలచగా ఉన్నప్పుడు చర్మం మీద పడినా వెంటనే మంట తెలియకపోవచ్చు. అది లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియంతో కలుస్తుంది, నొప్పి గంటల తరవాత మొదలవుతుంది. ఒట్టి చేతులతో, చెప్పులు కూడా లేకుండా కార్లు కడిగే కుర్రాళ్ల చేతికి ఇలాంటి సీసా ఇవ్వడం అన్యాయం. కారు యజమాని షెడ్డులో ఏ మందు వాడుతున్నారో అడగడం తన చక్రాల కోసమే కాదు, ఆ చేతుల కోసం కూడా. స్టీలు పీచు, ఎమరీ పేపర్, కాస్టిక్ సోడా ఏ చక్రానికీ పనికిరావు.

లోపలి గోడ పూర్తిగా శుభ్రం కావాలంటే చక్రం విప్పాల్సిందే. చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు కూడా పెట్టాలి. బిగించేటప్పుడు నట్లను వరసగా కాక ఎదురెదురుగా, కారు మాన్యువల్‌లో చెప్పినంత బలంతో బిగించాలి. రజనును పొడిగా ఉన్నప్పుడు గాలి కొట్టి ఊదకూడదు. పాత ప్యాడ్లలో, డ్రమ్ లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. అది లేని రజను కూడా ఊపిరితిత్తుల్లోకి వెళ్లదగినంత సన్ననిదే. ముందు తడపడమే సురక్షితం.

కడిగాక బోరు నీళ్లను చక్రం మీద ఆరనివ్వకూడదు. తెలుగు నేల మీద చాలాచోట్ల బోరు నీళ్లు చవుడు నీళ్లు, ఆరినచోటల్లా తెల్లటి మచ్చ కడతాయి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. తడిసిన డిస్కు మీద పలచటి తుప్పు రావడం సహజం. నెమ్మదిగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేక్ వేస్తే డిస్కు ఆరుతుంది, తుప్పు రాలిపోతుంది, బ్రేకు పడుతున్నదీ రూఢి అవుతుంది. తుడిచిన చక్రానికి వీల్ వ్యాక్స్ గానీ, సీలెంట్ గానీ, సెరామిక్ కోటింగ్ గానీ పూస్తే కొత్త రజను పూత దాకా చేరక ఆ పొర మీదే ఆగుతుంది. ఆపైన రెండు వారాలకొకసారి షాంపూ నీళ్లు చాలు. ఐరన్ రిమూవర్ అవసరం ఏడాదికి కొద్దిసార్లే పడుతుంది.

రజను పుట్టుకే తగ్గించే దారులూ ఉన్నాయి. తిరుమల నుంచి అలిపిరికి దిగే దారిలో గేరు తగ్గించి ఇంజన్ పట్టు మీద దిగితే బ్రేకులు చల్లగా ఉంటాయి, రజనూ తక్కువ రాలుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో వేగాన్ని చాలావరకు మోటారే తిరిగి బ్యాటరీలోకి లాక్కుంటుంది కనుక ప్యాడ్ల పని తగ్గుతుంది. చక్రం మీద పడని రజను గాలిలోకి, వాననీటిలోకి వెళుతుందని చట్టాలు కూడా గుర్తించాయి. ప్యాడ్లలోని రాగి వాగుల్లోని చేపలకు హాని చేస్తోందని అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు తెచ్చాయి. కాలిఫోర్నియాలో రాగి పరిమితి 2021 నుంచి 5 శాతం, 2025 నుంచి 0.5 శాతం. యూరప్ యూరో 7 నిబంధనలు బ్రేకు నుంచి రాలే సన్నని రజనుకు మొదటిసారి హద్దు పెట్టాయి. చాలా కార్లకు అది కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకు 3. ఇనుము ఎక్కువ కలిపిన ప్యాడ్ల కంటే సెరామిక్ ప్యాడ్లు తక్కువ రజను, అదీ లేత రంగులో రాలుస్తాయి. కాబట్టి ప్యాడ్లు మార్చే రోజున ధరతోపాటు రకం కూడా అడిగి, కారు కంపెనీ ఆమోదించిన వాటిలోంచే ఎంచుకుంటే, చక్రం మీది మొండి మరకల పని అక్కడే సగం తగ్గుతుంది.