శరద్రాత్రియు మంచువేళయు

శరదృతువు వచ్చినతోడనే మన పత్రికలలో వెన్నెల కురియ నారంభించును. ఆశ్వయుజ కార్తికముల సంచికలను తెఱచితిమేని, పల్లెపట్టున తొలిమంచును పండువెన్నెలను అనుభవించి వచ్చితిమని చెప్పు వ్యాసములు రెండు మూడైనను కానవచ్చును. వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. పగలెల్ల పట్టణపు దుమ్ములో తిరుగువాడు ఒకనాటి రాత్రి చెఱువుగట్టున నిలిచి చంద్రుని చూచి సంతసించుట తప్పు కాదు. ఆ సంతోషమును పదిమందికి పంచిపెట్ట గోరుటయు తప్పు కాదు. కాని యీ వ్యాసములను వరుసగా చదివినకొలది మాకొక సందేహము బలపడుచున్నది. వీరు చూచినది మన పల్లెనా, లేక తాము చదివిన పుస్తకమునా?

ఉదాహరణమునకు ఆకురాలుటను గైకొందము. ఆశ్వయుజమున ఆకులు పండి గాలికి రాలుచున్నవని వ్రాయువారు కలరు. మన మైదానములలో ఆకురాలుకాలము శిశిరము. ఆశ్వయుజమున వరిచేలు పచ్చగా పొట్టమీద నుండును. గట్లమీద తంగేడు పూచును. గునుగు తెల్లని తల యెత్తును. తెలంగాణమున బతుకమ్మను పేర్చుటకు ఆడువారు కోసి తెచ్చుకొను పువ్వు లివియే. సీమదేశపు ఋతువును తెచ్చి తెలుగు తిథులపై పఱచినందున కలిగిన చిక్కు ఇది.

ఇక మంచు సంగతి. మనకీ మాట యొక్కటియే పెక్కు వస్తువులకు చెల్లుచున్నది. గడ్డిపోచపై నిలుచు నీటిబొట్టు మంచే. వేకువను దారి కానరాకుండ కప్పు పొగవంటిది మంచే. హిమాలయముపై గడ్డకట్టి తెల్లగా నుండునదియు మంచే. ఒక మాటచాటున మూడు వస్తువు లుండుట రచయితకు మిక్కిలి యనుకూలమైనది. అతడు చూచినది మొదటిది, వర్ణించునది మూడవది. గోదావరి గట్టున కార్తికమాసములో గడ్డకట్టిన మంచును చూచిన రైతును మేమింతవఱకు ఎఱుగము.

మంచునకును వెన్నెలకును నిజమైన చుట్టఱికము లేకపోలేదు. మబ్బు లేని రాత్రి నేల తాను పగలు కొన్న వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. గాలి నిలుకడగా నున్నచో చల్లబడిన ఆకులపై గాలిలోని తేమ బొట్లుకట్టును. మబ్బున్నచో వేడిమి అంతగా పోనేరదు. మంచును అంతగా పట్టదు. కావున వెన్నెల నిర్మలముగా కాయు రాత్రియే మంచునకును అనువైన రాత్రి. చంద్రుని హిమకరుడనియు తుహినాంశువనియు పిలిచిన పూర్వులు కారణమును వేఱుగా తలచిరి గాని, వెన్నెలను మంచును ఒకచోట చూచిరనుటకు సందేహము లేదు. నేటి వ్యాసకర్త కారణమును పాఠశాలలో నేర్చుకొన్నాడు. చూచుట మాత్రము మానుకొన్నాడు.

మన సాహిత్యమున శరత్తునకు గల స్థానము సామాన్యమైనది కాదు. నన్నయభట్టు రచనలో మనకు దక్కిన తుది పద్యము ఆరణ్యపర్వములోని శారదరాత్రి వర్ణనము. చుక్కలు, కలువల తావి, వెన్నెల - అంతతో ఆ గంటము నిలిచిపోయినది. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ ఆ పర్వమును పూరింప బూని మొట్టమొదట వర్ణించినది శరత్కాలపు ఉదయమును. రాత్రికడ ఒకరు విడిచిరి. ప్రొద్దుపొడుపుకడ ఒకరు అందుకొనిరి. నడుమ రమారమి మూడు నూఱుల యేండ్లు గడచెను. ఈ సంగతిని తలచినప్పుడెల్ల మా మనస్సు ఆ రెండింటికి నడుమ నుండు వేళపైకి పోవును. అర్ధరాత్రి దాటి తెల్లవాఱకమున్ను, కోడికూతకు కొంచెము ముందువెనుకగా వచ్చు ఆ వేళనే చలి మిక్కుటము, మంచు మిక్కుటము. మన వ్యాసకర్తలు నిద్రపోవునదియు ఆ వేళనే.

పల్లె మాత్రము ఆ వేళ మేలుకొనియుండును. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది నోచు బాలికలు చుక్కలుండగనే లేచి, చద్దియన్నము తిని, వీధులలో ఆడుదురు, ఉయ్యాలలూగుదురు. కృష్ణపక్షపు చంద్రుడు పడమట నింకను వెలుగుచుండును. చలిని వెన్నెలను కలిపి యనుభవించుటకు మన యింటి యాడుపిల్లలు ఏర్పఱచుకొన్న పండుగకంటె మేలైన వ్యాసవస్తు వేది? అదే వేళ జొన్నచేని మంచెపై గొంగడి కప్పుకొన్న కాపువాడు అడవిపందుల అలికిడికి చెవియొగ్గి కూర్చుండును. వెన్నెల అతనికి అందము మాత్రమే కాదు. పంది చేనిలో ఏ మూల దూఱినదో చూపు దీపము. పూతమీదనున్న కందికి దట్టపు మంచు పట్టెనా, రైతు గుండె గుబులుమనును. నల్లరేగడిలో శనగ చల్లినవాడో, నేలలోని పదునునకు తోడు ఆ మంచే తన పైరునకు ఆధారమని చెప్పుచు సంతసించును. మంచు పట్టిన శనగచేనిలో నడచినవారికి ఆ యాకుల పులుపు తెలియును. ఒకే మంచు ఒక గట్టునకు భయము, ఆ ప్రక్క గట్టునకు భాగ్యము. దీనిని చెప్పనివాడు మంచును గూర్చి ఏమి చెప్పినట్లు?

ఇట్లు వ్రాయుట రసమునకు భంగమని కొందఱందురు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలమును వర్ణించుచు, తడిసిన వంటచెఱకుతో పొయ్యి రాజేయలేక ఇల్లాలు పడు పాట్లను కూడ చెప్పెను. సామ్రాజ్యము నేలినవాని కంటికి ఆనిన పొయ్యి, నాలుగు దినములు పల్లెలో నుండి వచ్చిన వ్యాసకర్త కంటికి ఆనకపోవుట వింత. ఆ పొయ్యివలన కావ్యమునకు రసభంగము కలుగలేదు సరికదా, వాన యెంతటిదో మనకు తెలిసినది.

చింతపల్లి మండలమున ఇంచుమించు 1,000 మీటర్ల యెత్తున లంబసింగి యను గ్రామము కలదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. నడిచలికాలమున అచ్చట వేడిమి సున్న డిగ్రీల దాపునకు దిగుచుండుటచే చూడబోవువారు దానిని ఆంధ్రకాశ్మీర మనుచున్నారు. ఆ చోటికే కొర్రబయలు అని మఱియొక పేరు కలదు. రాత్రి బయట నిలిచినవాడు కొయ్యవలె బిగుసుకొనిపోవునని దానికి అర్థము చెప్పుదురు. మొదటి పేరు ఉన్ని దుస్తులు తొడిగికొని వచ్చి మఱునాడు పోవువాడు పెట్టినది. రెండవది అచ్చటనే రాత్రి గడుపవలసినవాడు పెట్టినది. మన వ్యాసములలో మొదటి పేరే వినబడుచున్నది.

నిర్మలాకాశమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. శరత్తున మబ్బులు తొలగునని కావ్యములు చెప్పును. మన కోస్తాకు తుపానుల కాలమును అదియే. 2014 అక్టోబరు 8న పౌర్ణమి. నాలుగు దినములకు, 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది జనులను పొట్టపెట్టుకొన్నది కార్తిక శుక్లపక్షముననే. ఆ తీరమువారు కార్తికపు వెన్నెలను చూచునపుడు దానివెనుక సముద్రమును కూడ చూతురు. ఆ వెన్నెల వారికి ప్రియము కాదని కాదు. ఊరక వచ్చినది కాదని వా రెఱుగుదురు.

దీనికి మాఱుగా, పల్లెలో కష్టమే కలదు గాని సంతోషము లేదని వాదించి వెన్నెల పేరెత్తిన ప్రతివానిని కసరువారును కలరు. వారి మాటయు మాకు సమ్మతము కాదు. పగలెల్ల కలుపు తీసిన తల్లి రాత్రి వాకిట మంచముపై కూర్చుండి, బిడ్డలు వెన్నెలకుప్పలాడుచుండగా చూచి నవ్వుకొనును. ఆ నవ్వును లేదనుటకు ఎవరికిని అధికారము లేదు. పల్లెవానికి కష్టమున్నదని చెప్పుటకై అతని వెన్నెలను లాగికొననేల?

కావున శరత్తును గూర్చి వ్రాయదలచిన సోదరులకు మా మనవి యొక్కటియే. చెఱువుగట్టున వెన్నెల చూచి ఇంటికి తిరిగిపోకుడు. కోడికూతవఱకు నిలువుడు. కాళ్లు తడియనిండు. మంచెపైవానిని పలుకరించి, ఈ మంచు అతని చేనికి మేలో కీడో అడుగుడు. ఆ పిదప వ్రాసిన వ్యాసము పొట్టిదైనను, మాటలు బరువెక్కకున్నను, మే మెంతో సంతోషముతో చదువుదుము.