హల్లేలో అచ్చయిన జవాబు, గుత్తి పిల్లాడి ప్రశ్న

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి ప్రశ్నోత్తరి. మద్రాసులో మిషనరీగా పనిచేసి వెనక్కి వెళ్లిన బెంజమిన్ షుల్జ్, మార్టిన్ లూథర్ చిన్న కాటెకిజాన్ని 1746లో జర్మనీలోని హల్లేలో తెలుగులో అచ్చువేయించాడు. ఇంటి యజమాని తన పిల్లలకూ పనివాళ్లకూ కూర్చోబెట్టి నేర్పాలని లూథర్ 1529లో రాసిన పుస్తకమది. దాని పక్కన అమెరికన్ రచయిత జాష్ మెక్‌డోవెల్ 1977లో వెలువరించిన 'మోర్ దాన్ ఎ కార్పెంటర్' పెట్టి చదివాను. మొదటిది విశ్వాసాన్ని నేర్పుతుంది. రెండోది విశ్వాసం తరఫున వాదిస్తుంది. ఈ వాదించే విద్యనే ఇప్పుడు అపోలజెటిక్స్ అంటున్నారు. అనంతపురం వైపు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఈ పుస్తకాలు చేతికి రాకపోవచ్చు గానీ ఈ పద్ధతులు రెండూ ఎదురవుతాయి. కన్ఫర్మేషన్ క్లాసులో మొదటిది, యూత్ క్యాంపుల్లో, యూట్యూబ్‌లో రెండోది.

నిజానికి ఇక్కడి పాత సంఘాలు లూథరన్లవి కావు. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్లారిలో పని మొదలుపెట్టింది, తర్వాత గుత్తికి విస్తరించింది. ఆ సంఘాలే 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ)లో కలిశాయి. అయినా లూథర్ పుస్తకాన్నే తీసుకున్నాను, ఎందుకంటే అందులో వాతావరణం ఉంది.

ప్రభువు ప్రార్థనలో అనుదినాహారం అడిగే చోట లూథర్ ఆగి, ఆహారమంటే ఏమేమిటో వరసపెట్టి చెబుతాడు. తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి పాలకులు, మంచి వాతావరణం, నమ్మదగిన ఇరుగుపొరుగు. దేవుడు ఇవన్నీ అడగకపోయినా ఇస్తాడు, దుర్మార్గులకు కూడా ఇస్తాడు అంటాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో చెనిక్కాయ పండించుకునే నేలమీద ఈ పట్టిక వట్టి వేదాంతం కాదు. పిల్లాడు తన ఇంటినీ చేనునూ అందులో చూసుకోగలడు. చిక్కల్లా తర్వాతి ప్రశ్న దగ్గరే. ఏలీయా ప్రార్థిస్తే మూడున్నరేళ్ల కరువు తీరింది కదా, మన సంఘమంతా ఉపవాసముంటే చేను ఎందుకు ఎండింది? నాన్న బెంగళూరులో మట్టిపనికి ఎందుకు పోయినాడు? కాటెకిజం ఇలాంటి వాటికి చోటివ్వదు. ప్రశ్నా అదే వేస్తుంది, జవాబూ అదే చెబుతుంది. పిల్లాడి పని అప్పజెప్పడమే.

మెక్‌డోవెల్ దగ్గర సందేహానికి మర్యాద ఉంది. కాలేజీ రోజుల్లో క్రైస్తవాన్ని తప్పని నిరూపిద్దామని బయల్దేరి విశ్వాసినయ్యానని తానే చెప్పుకున్నాడు. అందుకే అడిగే కుర్రాణ్ణి కసురుకోడు. కానీ ఆయన ముందున్నది అమెరికా క్యాంపస్. దేవుడు లేడనే విద్యార్థి, సైన్సు చాలనే ప్రొఫెసర్. అనంతపురం పిల్లాడికి దేవుడు లేడనేవాడు అరుదుగా తగులుతాడు. జాతర మర్నాడు పక్క బెంచీ స్నేహితుడు ప్రసాదం పెడితే తినాలా వద్దా అన్నది వాడి సమస్య. మీ దేవుడూ దేవుడే, మా దేవుడూ దేవుడే, తినరా అంటాడు ఆ స్నేహితుడు. దానికి మెక్‌డోవెల్ దగ్గర జవాబు లేదు. కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు దగ్గర ఉంది, కానీ క్యాంపుల్లో ఆ అధ్యాయం తెరిచేవాళ్లు తక్కువ.

ఆ పుస్తకానికి పేరు తెచ్చిన వాదమొకటి ఉంది. సి.ఎస్. లూయిస్ నుంచి తీసుకున్నది. తాను దేవుణ్ణన్న యేసు అబద్ధికుడైనా కావాలి, పిచ్చివాడైనా కావాలి, లేదా నిజంగా ప్రభువైనా కావాలి. నాలుగో దారి లేదు. ఇంగ్లండులో లేకపోవచ్చు, ఇక్కడ ఉంది. 2022లో జిల్లా విడిపోయేదాకా పుట్టపర్తి అనంతపురం జిల్లాలోదే. 2011 వరకూ అక్కడున్న సత్యసాయి బాబాను లక్షలమంది అవతారమనే కొలిచారు. అవతారాలు తెలిసిన ఊళ్లో ఒక మనిషి నేను దేవుణ్ణంటే ఎవరూ బిత్తరపోరు, ఇంకొకడొచ్చాడనుకుంటారు. మూడు దారుల వాదం ఇక్కడ మొదటి మెట్టు మీదే కూలుతుంది. క్యాంపులో దాన్ని బోర్డు మీద గీసి చూపేవాళ్లు ఈ సంగతి ఆలోచించినట్టు కనబడరు. ఆ పుస్తకంలో పనికొచ్చేది చివరి భాగం. తాగుబోతు తండ్రిని ద్వేషించిన కొడుకు ఆ ద్వేషం వదులుకున్న కథ. అది వాదన కాదు, మన చర్చిల్లో ఆదివారం ఆదివారం వినే సాక్ష్యమే.

అసలు గట్టి దెబ్బ ఇంకోచోట తగులుతుంది. అబద్ధమని తెలిసీ దానికోసం ఎవరు చస్తారు, శిష్యులు ప్రాణాలిచ్చారంటే వాళ్లు చూసింది నిజమే అంటాడు మెక్‌డోవెల్. గుత్తి వైపు ఒక చర్చిలో క్లాసుకు కూర్చున్నప్పుడు ఇది విన్న పదో తరగతి పిల్లాడు లేచి, "సార్, మా టీసీలో హిందూ ఎస్సీ అని ఉండాది గదా, అది అబద్ధం కాదా?" అన్నాడు. సారు ఒక్క క్షణం చూసి, "అది పరీక్షలో రాదులే, కూర్చో" అన్నారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను తప్ప ఇతరులను ఎస్సీలుగా ఒప్పుకోలేదు. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులు, ముస్లింలు చేరలేదు. దళిత క్రైస్తవుడికి మన రాష్ట్రంలో మిగిలింది బీసీ-సీ కోటా, ఒక్క శాతం. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ చెప్పింది. అంటే హాస్టల్ సీటు, ఫీజు, రేపటి ఉద్యోగం టీసీలోని ఆ ఒక్క గడి మీద నిలబడి ఉన్నాయి. శిష్యులు అబద్ధానికి చావలేదనే వాదం వినగానే పిల్లాడికి గుర్తొచ్చేది రోమా సైనికులు కాదు, ఆ కాగితం.

ఇక్కడ మళ్లీ పాత పుస్తకమే కొంత నయం. అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ లూథరన్ల లెక్కలో ఎనిమిదోది, సీఎస్‌ఐ వాళ్ల లెక్కలో తొమ్మిదోది. దాని అర్థం చెబుతూ లూథర్ పొరుగువాడి పేరు చెడగొట్టొద్దనీ, వాడి పక్షాన మాట్లాడమనీ, వాడు చేసినదానికి మంచి అర్థమే తీయమనీ అంటాడు. ఈ వివరణ పట్టుకుంటే ఆ సారు కనీసం ఒక సంభాషణ మొదలుపెట్టగలిగేవాడు. ఆ కాగితం వల్ల చెడింది ఏ పొరుగువాడు? గడి నింపిన తండ్రి ఏం కాపాడుకుంటున్నాడు? మతం మారితే కులం పోయిందని చట్టం అంటోంది, ఊళ్లో పోయిందా? పిల్లాడికి ఈ మూడో ప్రశ్నకు జవాబు తెలుసు. సారుకూ తెలుసు.