తుందిల శబ్దము: నిందయా, ప్రశంసయా?

మత్వర్థీయ ప్రత్యయములు భూమము, నింద, ప్రశంస, నిత్యయోగము, అతిశయము, సంసర్గము అను నాఱర్థములందు వచ్చునని మహాభాష్యమునఁ గలదు. ఒకే ప్రత్యయము నిందకును బ్రశంసకును జెల్లుచుండఁగా, ఎక్కడ నేది గ్రాహ్యమో నిర్ణయించునది వక్త యొక్క వివక్షయే. ఈ సంగతిని శాస్త్రమున నెఱుఁగుదును, వ్యవహారమున మఱచితిని.

తుంద శబ్దముపై నిలచ్ ప్రత్యయము రాఁగా తుందిలుఁడగును (అష్టాధ్యాయి 5-2-117). పెద్ద బొజ్జ కలవాఁడని యర్థము. తిరువూరిలో నొక పాఠశాలయందు దీనిని బోధించుచు, ముందు వరుసలోని లావుపాటి బాలుని నుదాహరణముగాఁ జూపితిని. తరగతి నవ్వెను. ఆ బాలుఁడును నవ్వెను. మఱునాఁటినుండి యతఁడు వెనుక వరుసఁ జేరెను. తోడివారికి నా పదమే యతని పేరయ్యెను. వినాయకచవితినాఁడు బొజ్జగణపయ్య యని ముద్దుగాఁ బిలుచు నోటితోడనే నేనీ పని చేసితిని.

వికృతమైన యంగమునకుఁ దృతీయా విభక్తి వచ్చునని పాణిని విధించెను (2-3-20). కంటిచేతఁ గాణుఁడు, పాదముచేత ఖంజుఁడు. వికారము ఆ యంగమునకే చెందినదని విభక్తియే హద్దు గీచుచున్నది. పరిహాసకుఁడు ఆ హద్దును దాఁటి దేహలక్షణమును శీలమునకు నంటఁగట్టును. లావైనవాఁడు సోమరి యనియు, తిండిపోతనియు నిశ్చయించును. బక్కవానిని పుల్ల యనుటయుఁ గలదు. కాని పెండ్లిచూపులలో, కొలువులలో సన్ననివారికి నడుగకయే లభించు మన్నన వారికే కానరాదు.

2006 నాఁటి ‘కితకితలు’, 2015 నాఁటి ‘సైజ్ జీరో’ యను తెలుఁగు చలనచిత్రములు రెండింటను స్థూలకాయ యగు నాయికకు సౌందర్య యనియే పేరు. మొదటిదానిలో నామెకుఁ గల యీ పేరునకును రూపమునకును గల విరోధము హాస్యబీజము. తుదకు భర్త యామె ప్రేమ నెఱుఁగును. రెండవదానిలో నామె బరువు తగ్గింతుమను మోసపు వ్యాపారము నెదిరించును. పద మొక్కటే, వివక్ష వేఱు. అయినను మొదటి పాత్రను స్వతః స్థూలకాయ యగు గీతాసింగ్ ధరించెను; రెండవదానికై సన్నని యనుష్క బరువు పెంచుకొనవలసి వచ్చెను. నవ్వించుటకు లావైన నటి చాలినది. గౌరవించుటకు సన్ననిదియే కావలసెను. ఇది విమర్శకులు గమనింపఁదగినది.

స్థౌల్యము రోగహేతువు గదా, హెచ్చరింపరాదా యని కొందఱందురు. వైద్యుని హితవు రోగికి నేకాంతమునఁ జెప్పఁబడును. పరిహాసము సభలోఁ జెప్పఁబడును. నాఁడు నవ్వినవారిలో నా బాలుని యారోగ్యము నడిగినవాఁ డొక్కఁడును లేఁడు, నాతోఁ గూడ.

1969లో అమెరికాయందు స్థూలకాయుల హక్కులకై యొక సంఘ మేర్పడెను. ఏ దేహమును నవమానింపరాదను నుద్యమము తరువాత లోకమునఁ బ్రబలినది. పరదేశపు వింతయని దానిని ద్రోయఁజాలము. మాట యొక్క మంచిచెడ్డలు వివక్షయందున్నవని చెప్పినది మన శాస్త్రమే.

ఇలచ్ ప్రత్యయమునకు నేనిప్పుడు ‘ఫేనిలము’ నుదాహరించుచున్నాను. పండితమిత్రులు ఉదాహరణమును గ్రంథమునుండి గాక తరగతినుండి గ్రహించునపుడు, ఎదుటఁ గూర్చున్న బాలుని ముఖము నొకసారి చూడఁ బ్రార్థన.